పేరు చెరిపారు, గుట్టు దాచలేదు: ఔషధ నియంత్రణ అధికారులకు, ఎథిక్స్ కమిటీలకు ఒక బహిరంగ లేఖ

కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అధికారులకు,
రెండు తెలుగు రాష్ట్రాల్లో మందుల ట్రయల్స్ జరుగుతున్న ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీ అధ్యక్షులకు, సభ్యులకు,

అయ్యా, అమ్మా,

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన దాన్ని. ఆ తర్వాత అయిదేళ్లు కోస్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో 'లే పర్సన్'గా ఉన్నాను. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్‌కు అనుమతి ఇచ్చి, అవి సక్రమంగా జరుగుతున్నాయా అని చూసే కమిటీ అది. వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు కమిటీలో ఉండాలని నిబంధన. ఆ మామూలు మనిషిని నేను. మొన్న సంక్రాంతికి ముందు రాజీనామా చేశాను. చేసేముందు కమిటీకి రెండుసార్లు, ఆసుపత్రి యాజమాన్యానికి ఒకసారి కాగితం మీద ఫిర్యాదు ఇచ్చాను. తొమ్మిది నెలలకు వచ్చిన జవాబు ఒకే వాక్యం: "మీ లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది." అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా మీకు రాస్తున్నాను.

ఆసుపత్రి పేరు, మందు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. కమిటీలో చేరిన రోజున గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టాను. అవతలివాళ్లు తమ సంతకం మరిచారని నేను నాది మరిచిపోలేను. ఆ కుటుంబం వివరాలు కూడా కొన్ని మార్చాను. తల్లిని అడిగే రాస్తున్నాను. "రాయండి మేడంగారూ, కానీ మా చుట్టాలు చదివినా మేమేనని తట్టకూడదు" అంది.

జరిగింది ఇదీ.

ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. మాత్రలతో అదుపులోనే ఉంటుంది, ఎప్పుడైనా తప్పుతుంది. తండ్రి కౌలు రైతు. ఆసుపత్రిలో డాక్టరుగారు కొత్త మందు ట్రయల్ ఉంది, చేరతారా అని అడిగారు. రక్తపరీక్షలు ఉచితం, దారి ఖర్చులు ఇస్తారు, ఎవరికీ తెలియనివ్వం అన్నారు. తండ్రిని ఒప్పించింది ఆ చివరి మాటే. ఇంట్లో ముగ్గురికి తప్ప మేనమామకు కూడా చెప్పలేదు. పిల్లకు సంబంధాలు చూస్తున్నారు మరి.

నాలుగో నెల ఆమె విజిట్‌కి రాలేదు. తండ్రి ఫోను స్విచాఫ్. ఫారంలో రెండో నంబరు ఒకటి ఉంది. ఊళ్లో కిరాణా కొట్టాయనది, అత్యవసరానికని ఇచ్చింది. ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్ ఆ నంబరుకు చేసి, "ఫలానా వాళ్లమ్మాయి ఫిట్స్ మందు ట్రయల్‌లో ఉందండీ, తేదీ దాటిపోతోంది, రేపు పంపించమని చెప్పండి" అంది. మరిచిపోతాడేమోనని విజిట్ కార్డు ఫోటో తీసి అదే నంబరుకు వాట్సాప్ కూడా చేసింది. కార్డు మీద ట్రయల్ పేరు, అమ్మాయి పేరులో మొదటి అక్షరాలు, ఒక నంబరు ఉన్నాయి. "పూర్తి పేరు లేదు కదా" అని తర్వాత కమిటీలో ఒక పెద్దమనిషి వాదించారు. నాలుగొందల గడపల ఊరికి పూర్తి పేరెందుకు?

ఆ కోఆర్డినేటర్ పిల్లను నేను తప్పు పట్టను. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ముగ్గురు డాక్టర్ల ట్రయల్స్ ఒక్కతే చూస్తుంది. ఒక విజిట్ తప్పితే ప్రోటోకాల్, అంటే ట్రయల్‌కు రాసిపెట్టిన పద్ధతి, తప్పినట్టు. కంపెనీ తరపున తనిఖీ చేసే మానిటర్ వచ్చి అడుగుతాడు. రెండో నంబరుకు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పించామా అని అడగాల్సిన వాళ్లం మేము. అయిదేళ్లలో ఆ ప్రశ్న నేనూ వేయలేదు.

శ్రావణంలో పెట్టుకున్న ముహూర్తం ఆగిపోయింది. అబ్బాయి తరపువాళ్లు కారణం చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. తండ్రి సమ్మతి పత్రం చివర ఉన్న కమిటీ ఫోన్ నంబరు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆ నంబరుకు ఫోన్ చేసి మా దాకా వచ్చిన మనిషిని నా అయిదేళ్లలో ఆయన్నొక్కడినే చూశాను. ఆయన అడిగింది డబ్బు కాదు. "నా కూతురి ఫారం, ఆ కాగితాలూ ఒకసారి ఇప్పించండి, ఎవరికెవరికి చూపిస్తామని రాశారో చదివించుకుంటాను" అన్నాడు. రెండు వారాల తర్వాత ఆసుపత్రి ఇచ్చిన సమాధానం: ట్రయల్ రికార్డులు గోప్యమైనవి, ఇవ్వడం కుదరదు.

కిరాణా కొట్టుకు చేరిన కబురు కన్నతండ్రికి గోప్యమైపోయింది. కమిటీ మినిట్స్‌లో "అంశము నోట్ చేయడమైనది" అని రాసుకుని మేము తర్వాతి ఫైలుకు వెళ్లాం. ఆ రోజు మా ముందు పదకొండు ఫైళ్లున్నాయి, సమయం రెండు గంటలు, అందులో సమోసా టీలకు పావుగంట.

ఇప్పుడు నా అభ్యంతరాలు వరసగా రాస్తాను.

1. చట్టం కరువేమీ లేదు. 2019 మార్చి 19న వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు ఉన్నాయి. పాల్గొనేవారి రికార్డులు ఎంతవరకు గోప్యంగా ఉంటాయో, వాటిని ఎవరెవరు చూడగలరో సమ్మతి పత్రంలో చెప్పి తీరాలని వాటి మూడో షెడ్యూలు అంటుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు అదే మాట ఇంకా వివరంగా చెబుతాయి. రోగి గుట్టు డాక్టరు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ఎప్పుడో చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇన్ని ఉన్నాయని ఆ తండ్రికి చెబితే, "మరి ఇన్ని ఉండగా ఎలా తెలిసిందమ్మా?" అన్నాడు.

2. గుట్టు కాపాడతామని మాట ఇచ్చిన తెలుగు. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, క్షమించండి. ఇంగ్లిషు నుంచి దింపిన సమ్మతి పత్రాలు అయిదేళ్లలో వందకు పైగా చదివాను. "మీ యొక్క గుర్తింపు తృతీయ పక్షములకు విడుదల చేయబడిన సమాచారమునందు బహిర్గతపరచబడదు" అన్న వాక్యం దాదాపు ప్రతి ఫారంలోనూ ఉంటుంది. ఒకసారి వార్డుకు వెళ్లి, ఫారం మీద సంతకం పెట్టిన ఒక పెద్దాయన్ని తృతీయ పక్షం అంటే ఏమనుకున్నారని అడిగాను. ఆయన వేళ్లు లెక్కపెట్టి, "పక్షం అంటే పదిహేను రోజులు కదమ్మా. మూడో పక్షం దాకా, అంటే నెలన్నర ఎవరికీ చెప్పరన్నమాట" అన్నాడు. పంచాంగం తెలిసిన మనిషి సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. తప్పు రాసింది మనం. ఇంగ్లిషులో థర్డ్ పార్టీ, అంటే బయటివాళ్లు, ఇలా తృతీయ పక్షమైంది. ఇంకో ఫారంలో పాల్గొనే మనిషిని "విషయము" అన్నారు: "విషయము యొక్క పేరు, విషయము యొక్క చిరునామా." ఇంగ్లిషులో మనిషిని సబ్జెక్ట్ అంటారు కాబట్టి తెలుగులో విషయమైపోయాడు. ఆ అనువాదాలకు సర్టిఫికెట్లు ఉంటాయి. తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లిషులోకి మార్చి సరిపోయిందని నిర్ధారించిన కాగితమూ ఉంటుంది. ఊళ్లో మనిషికి సరిపోయిందా అని చూసిన కాగితం నాకెప్పుడూ కనపడలేదు.

3. గుట్టు దొంగలు ఎత్తుకుపోతే పోవడం లేదు. కంప్యూటర్లలోకి చొరబడే వాళ్ల గురించి ప్రోటోకాల్‌లో రెండు పేజీలు రాస్తారు. నేను చూసినంతలో అది కారిపోయేది మామూలు చోట్లనే. ఓపీలో "ఫలానా స్టడీ పేషెంట్లు ఇటు రండి" అని కేకేస్తారు. దారి ఖర్చుల వోచరు మీద పేరు, జబ్బు విభాగం రాసి క్యాష్ కౌంటర్లో అందరి వోచర్లతో గుచ్చి ఉంచుతారు. కంపెనీ ఇచ్చిన సంచి మీద ట్రయల్ పేరు రంగుల్లో అచ్చయి ఉంటుంది. ఆ సంచి పట్టుకుని ఆడమనిషి ఆర్టీసీ బస్సెక్కుతుంది. చదువురాని వాళ్లు సంతకం పెట్టేటప్పుడు నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి, అది మంచి నిబంధనే. కానీ ఆ సాక్షిగా ఎవరిని పిలుస్తున్నారు? పక్క మంచం పేషెంటు తమ్ముణ్ణి. రక్షణ కోసం పెట్టిన సాక్షి చేతికే గుట్టు దక్కింది. వీటిల్లో ఏ ఒక్కటీ ఆడిట్‌లో పట్టుబడదు. ఆడిట్ చూసేది తేదీలు, సంతకాలు సరిగా ఉన్నాయా అని.

4. పేరు తీసేస్తే మనిషి మాయమైపోడు. పేరు బదులు నంబరు వేశాం కాబట్టి గుర్తుపట్టలేరు అంటారు. నియమాల్లో ఉన్న సమ్మతి పత్రం నమూనా చూడండి: పేరు, పుట్టినతేదీ, చిరునామా, చదువు, వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు, వరస. ట్రయల్‌లో చనిపోతే పరిహారం ఎవరికివ్వాలో తెలియాలి కనుక నామినీ అవసరమే, కాదనను. కానీ ఇన్నీ ఒకే కాగితం మీద, ఒకే అల్మరాలో ఉంటున్నాయి. నంబరుకూ పేరుకూ లంకె చూపే జాబితా కూడా చాలాసార్లు అదే గదిలో ఉంటోంది. బయటికి వెళ్లే కాగితాల్లో పేరు లేకపోయినా మొదటి అక్షరాలు, వయసు, ఆడా మగా, జిల్లా, జబ్బు ఉంటాయి. అరుదైన జబ్బైతే జిల్లాకు ఇద్దరో ముగ్గురో ఉంటారు. పుట్టినతేదీ ఒక్కటీ పెద్దగా ఆచూకీ చెప్పదులెండి, మా తరం పల్లెటూరి వాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1నే పుట్టినరోజు.

5. ట్రయల్ మానుకున్నాక కూడా. అదే నమూనా పత్రంలో ఇంకో వాక్యం ఉంది. స్పాన్సర్ (ట్రయల్ చేయించే కంపెనీ), స్పాన్సర్ తరపున పనిచేసేవాళ్లు, ఎథిక్స్ కమిటీ, నియంత్రణ అధికారులు నా ఆరోగ్య రికార్డులు చూడటానికి నా అనుమతి అక్కర్లేదని, ఈ ట్రయల్‌కే కాక దీనికి సంబంధించి ముందుముందు జరిగే పరిశోధనకు కూడా అంతేనని, నేను మధ్యలో మానుకున్నా అంతేనని రాసి ఉంటుంది. ఒక్క టిక్కుతో ఇవన్నీ ఒప్పుకున్నట్టే. అధికారులు చూడకూడదని నేను అనడం లేదు. 2015లో యూరప్ ఔషధ సంస్థ, హైదరాబాద్‌లో జరిగిన పరీక్షల మీద ఆధారపడి అనుమతి పొందిన మందులు, మోతాదులు కలిపి దాదాపు 700 నిలిపేయమని సిఫారసు చేసింది. ఈసీజీలు తారుమారు చేశారని ఫ్రాన్స్ తనిఖీ అధికారులు అంతకుముందు ఏడాది పట్టుకున్నారు. అసలు కాగితాలు విప్పి చూడబట్టే అది బయటపడింది. తనిఖీ కావాలి. కానీ "స్పాన్సర్ తరపున పనిచేసేవాళ్లు" అంటే ఎవరు? కాంట్రాక్టు సంస్థలా, వాళ్ల కింద కాంట్రాక్టు సంస్థలా, సమాచారం దాచే కంపెనీలా? ముందుముందు పరిశోధన అంటే ఎన్నేళ్ల తర్వాత? సంతకం పెట్టే మనిషికి ఆ జాబితా చూపించిన ఫారం ఒక్కటంటే ఒక్కటి నా చేతికి రాలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. అందులో కూడా పదిహేడో సెక్షను పరిశోధనకు మినహాయింపు ఇస్తోంది. ప్రమాణాలు పాటించాలన్న షరతు ఉంది, నిజమే. ఆ ప్రమాణాలు ఆసుపత్రి మూడో అంతస్తులో కోఆర్డినేటర్ బల్ల దాకా ఎలా చేరతాయన్నదే నా భయం.

6. వీడియోలు. సుప్రీంకోర్టు 2013లో చెప్పాక సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయడం మొదలైంది. ఇప్పుడు కొత్త రకం మందుల ట్రయల్స్‌లో ఒత్తిడికి తేలిగ్గా లొంగే స్థితిలో ఉన్నవారు చేరేటప్పుడు వీడియో తప్పనిసరి. హెచ్ఐవీ, కుష్ఠు మందులకు మాత్రం గొంతు రికార్డు చేస్తే చాలు, ముఖం తీయనక్కర్లేదు. ఆ మినహాయింపు రాసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, ఊళ్లో బతికిన మనిషే అయివుంటారు. ముఖం బయటపడితే ఏమవుతుందో తెలిసి రాశారు. మూర్ఛకు, మానసిక జబ్బులకు, క్షయకు, సంతానలేమికి, ఆడవాళ్ల గర్భాశయ జబ్బులకు ఆ ఆలోచన ఎందుకు రాలేదు? హెచ్ఐవీ వారికి 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం కూడా అండగా ఉంది. రాతపూర్వక సమ్మతి లేకుండా వాళ్ల స్థితి బయటపెట్టడానికి వీల్లేదు. మిగతా జబ్బుల్లో చాలావాటికి అంతటి ప్రత్యేక చట్టమేదీ లేదు. ఇక ఆ వీడియోలు ఎక్కడుంటున్నాయి? ఒక సమావేశంలో ఈ ప్రశ్న అడిగితే "పెన్‌డ్రైవ్‌లో భద్రంగా" అన్నారు. ఎవరి పెన్‌డ్రైవ్ అంటే నవ్వారు.

7. గోప్యత ఎవరికి కవచం. అసలు నా కడుపుమంట ఇక్కడ. సమ్మతి పత్రం కాపీ పాల్గొనేవారికి ఇవ్వాలని నియమమే చెబుతోంది. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళి చెబుతోంది. ట్రయల్‌లో ఎవరికైనా తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి, కమిటీ 30 రోజుల్లో అభిప్రాయం పంపాలి. ఇవన్నీ ఆఫీసుల మధ్య తిరిగే కాగితాలు. అందులో ఏం రాశారో ఇంటివాళ్లకు చూపించే ఏర్పాటు ఏదీ? అడిగితే "కాన్ఫిడెన్షియల్" అన్న ముద్ర చూపిస్తారు. రోగిని కాపాడమని పుట్టిన మాట రోగి మీదికే తలుపు మూయడానికి పనికొస్తోంది.

ఇది ఈ ఒక్క ఆసుపత్రి సంగతి అనుకోకండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పేరుకు ప్రదర్శనా ప్రాజెక్టు. 2010లో ఆపేశారు. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లో ప్రధానోపాధ్యాయులో సంతకాలు పెట్టారని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక చెప్పింది. ఆ ప్రాజెక్టు జరిగిన ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని దర్యాప్తు అంది. ఆ వాదంలోకి నేను పోను, ఆ టీకా అక్కర్లేదని కూడా అనను. నేను హాస్టల్ పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, నాకు తోచేది వేరు. వార్డెన్ సంతకం పెట్టాడంటే ఆ పిల్ల ఒంటి సంగతి మొదట తెలిసింది వార్డెన్‌కు. అమ్మానాన్నలకు అందాల్సిన కాగితం బీరువాలో ఉంది. సమ్మతి దారి తప్పిన చోట గుట్టు కూడా దారి తప్పుతుంది. రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి కదా.

8. నష్టం ఎవరికి. డాక్టరుకు కాదు, కంపెనీకి కాదు. పెళ్లి తప్పింది ఆ పిల్లకు. ఇంకో ట్రయల్‌లో ఉన్న ఒకాయన పాల కేంద్రంలో పాలు పోసేవాడు. ఆయన క్షయ మందులు వాడుతున్నాడని తెలిసి ఇరుగుపొరుగు వేరే కారణం చెప్పి మానిపించారు. అద్దె ఇల్లు ఖాళీ చేయించిన సంగతి ఇంకొకటి విన్నాను. 2019 నియమాల్లో పరిహారానికి పెద్ద లెక్క ఉంది, వయసు, ప్రమాద స్థాయి పెట్టి గుణించి భాగిస్తారు. మరణానికి ఉంది, శాశ్వత వైకల్యానికి ఉంది, కోలుకోగలిగే హానికీ ఉంది. గుట్టు బయటపడి బతుకు చెడితే ఆ లెక్కలో గడి లేదు.

ఇంకో నష్టం కూడా ఉంది, అది మీ శాస్త్రానికే. భయపడ్డ మనిషి అబద్ధం చెబుతాడు. తప్పుడు ఫోన్ నంబరు ఇస్తాడు, పాత జబ్బు దాస్తాడు, ట్రయల్ మందు వాడుతున్నట్టు ఇంట్లో చెప్పడు. అర్ధరాత్రి ఒళ్లు తెలియకుండా పడిపోతే పక్క ఊరి ఆర్ఎంపీకి ఆ సంగతి చెప్పేవాళ్లుండరు. ఆయన ఇంకేదో ఇంజెక్షన్ పొడుస్తాడు. ఆ మనిషి మీ లెక్కల్లో "ఫాలో అప్‌కు దొరకలేదు" అన్న గడిలో చేరతాడు.

నా డిమాండ్లు ఇవి. పెద్దగా ఖర్చయ్యేవి ఇందులో లేవు.

అ) ఫోన్ నియమం. చేరే రోజునే ఏ నంబరుకు, ఏ వేళలో, ఏ మాట చెప్పి ఫోన్ చేయాలో పాల్గొనే మనిషినే అడిగి రాసుకోండి. వేరేవాళ్లు ఎత్తితే "ఆసుపత్రి నుంచి, తిరిగి ఫోన్ చేయమనండి" తప్ప ఇంకో ముక్క ఉండకూడదు. రెండో నంబరు ప్రాణం మీదికి వస్తే తప్ప వాడకూడదు. సొంత ఫోన్లలో, సొంత వాట్సాప్‌లో రోగి కాగితం ఫోటో ఉండటమే తప్పుగా ప్రకటించండి. ఇది నైతికతలో పెద్ద సూత్రమేమీ కాకపోవచ్చు. కానీ ఆ పిల్ల పెళ్లి ఆగింది ఈ ముక్క దగ్గరే.

ఆ) గోప్యతకు సమ్మతి పత్రంలో విడిగా ఒక పేజీ, మనుషులు మాట్లాడే తెలుగులో. మీ కాగితాలు ఎవరెవరు చూస్తారో సంస్థల పేర్లతో రాయండి. ఆ పేజీని అయిదో ఏడో తరగతి చదివిన అయిదుగురి చేత చదివించి, వాళ్లకేం అర్థమైందో కమిటీ ముందు పెట్టాకే అనుమతి ఇవ్వండి. కావాలంటే నేనే వచ్చి చదివిస్తాను, గౌరవ వేతనం అక్కర్లేదు.

ఇ) ఈ ట్రయల్‌కు ఒక టిక్కు, ముందుముందు పరిశోధనలకు ఇంకో టిక్కు. రెండోదానికి వద్దన్నా మొదటిదాంట్లో చోటివ్వాలి. మానుకున్నవాళ్ల రికార్డులు తనిఖీకి, భద్రతకు తప్ప ఇంక దేనికీ వాడకూడదు.

ఈ) గుట్టు బయటపడటాన్ని తీవ్ర హానిగా లెక్కించండి. 24 గంటల్లో కమిటీకి తెలియాలి, 30 రోజుల్లో విచారణ ముగియాలి, ఆ మనిషికి సంతకంతో జవాబు వెళ్లాలి. "నోట్ చేయడమైనది" అన్న మాటను మినిట్స్‌లో నిషేధించండి.

ఉ) పరిహారం నియమాల్లో దీనికో గడి పెట్టండి. లెక్క ఎలా కట్టాలో నేను చెప్పలేను, మీ దగ్గర ఆ చదువు చదివినవాళ్లున్నారు.

ఊ) తన రికార్డు తాను అడిగిన మనిషికి గోప్యత అన్న మాట చెప్పకూడదు. మైనరైతే తల్లిదండ్రులు అడిగినా, చనిపోతే నామినీ అడిగినా ఇవ్వాలి. పెద్దవాళ్లైన పిల్లల కాగితాలు తండ్రికి ఇవ్వచ్చా అంటారేమో. ఆ అమ్మాయి తన చేతి సంతకంతో అర్జీ ఇచ్చింది. రెండోసారి వాళ్లు వెళ్లింది ఆ అర్జీ పట్టుకునే. రెండోసారీ అదే మాట చెప్పి పంపారు.

ఋ) గొంతు మాత్రమే రికార్డు చేసే మినహాయింపును ముఖం బయటపడితే బతుకు చెడే జబ్బులన్నిటికీ ఇవ్వండి. ఏ జబ్బులో కమిటీల్లోని మామూలు సభ్యులను అడిగి జాబితా వేయండి.

కమిటీ అధ్యక్షులకు విడిగా ఒక మాట. నిబంధన ప్రకారం మీరు ఆ సంస్థ బయటివారు, సభ్యుల్లో సగం మంది కూడా బయటివారే. ఏడాదికి ఒక్కసారి ఏసీ గది దాటి ట్రయల్ జరిగే చోటికి వెళ్లండి. ముందు చెప్పి వెళ్లకండి. ఓపీ బెంచీ మీద గంటసేపు ఊరికే కూర్చుంటే చాలు, ఎవరికి ఏ జబ్బో మీకే తెలిసిపోతుంది.

ఈ లేఖ కాపీలు పాత కమిటీకి, ఆ ఆసుపత్రి యాజమాన్యానికి కూడా పంపుతున్నాను. ఆ అమ్మాయి ట్రయల్ నుంచి తప్పుకుంది. పాత మాత్రలే వేసుకుంటోంది. ఆమె ఫారం కాపీ ఇంకా అందలేదు. మీరు జవాబు రాస్తే నాకు రాయనక్కర్లేదు, వాళ్లకు రాయండి. చిరునామా మీ దగ్గరే ఉంది, ఆ ఫారంలోనే. మూసిన కవరులో పంపండి. కవరు మీద ఆసుపత్రి ముద్ర వేయకండి, ఊళ్లో టపా కిరాణా కొట్టులోనే ఇచ్చి పోతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
ఎథిక్స్ కమిటీ మాజీ సభ్యురాలు